రెండు నిమిషాలు

నిన్న సభల జక్కని విఠల్ సాబ్‌కు
రెండు నిమిషాల మౌనం పాటించిన్రు.
టీవీ ముంగట నిలబడి నేను గడియారం పట్టిన.
నలభై సెకన్లకే కుర్చీలు కదిలినయి.

ఆయనకు కొత్త గాదు.
ఎమ్మెల్యేగ ఉన్న ఐదేండ్లూ
"రెండు నిమిషాల్లో ముగించండి" అనే గంట కిందనే బతికిండు.
చాదర్‌ఘాట్ కాడ వరదకు కొట్టుకపోయిన
గుడిసెల లెక్క ఎత్తంగనే గంట.
దవాఖానల ఒక్క మంచానికి ముగ్గురు బాలింతలనంగనే గంట.
రాత్రి ఆఫీసుకొచ్చి, కోటు విప్పి మేకుకు తగిలించి,
మిగిలిన ప్రసంగమంత నాకు జెప్పేటోడు.
నా దిక్కు జూసి "అధ్యక్షా" అనేటోడు.
నేను రాసుకునేది.
పదకొండు నోటుబుక్కులైనయి.

నేను ఆయన గుమాస్తను, ముప్పై నాలుగేండ్లు.
వకాల్తాల మీద స్టాంపులు అంటిచ్చి అంటిచ్చి
నా నాలుకకు జిగురు రుచి పట్టింది.

నారాయణగూడల మగ్గం గుంతల కాళ్ళు పెట్టుకొని
వాళ్ళ నాయిన ఒకటే నేర్పిండట:
పోగు తెగితే ముడెయ్యి బిడ్డా,
ముడి మాత్రం కనబడొద్దు.
వాదనలు గూడ అట్లనే నేసేటోడు.
కేసుల యాడ తెగిందో
జడ్జి వేలుపెట్టి తడిమినా దొరకకపోయేది.

నయాపూల్‌కు ఈ దిక్కు హైకోర్టు,
ఆ దిక్కు, పబ్లిక్ గార్డెన్ పక్కన, అసెంబ్లీ.
నడుమ ఆయన పాత స్కూటర్.
గెలిచినంక కారొచ్చింది.
"అద్దాలెక్కిస్తే మూసీ వాసన రాదు గంగారాం,
యాడున్నమో మర్చిపోతం" అన్నడొకసారి.

మర్చిపోయిండు గూడ. అది చెప్పకుంటే తప్పు.

రాత్రి పదకొండున్నరకు బిల్లు.
పేరు మంచిదే, నగర సుందరీకరణ.
తొంభై రెండు పేజీలు. చేతికొచ్చింది తొమ్మిదికి.
విప్ దిక్కు జూసిండు, చెయ్యెత్తిండు.
ఆ రాత్రి నాకేం జెప్పలేదు.
నోటుబుక్కుల ఆ తారీఖు కింద
ఖాళీ పేజీ ఉన్నది.

మల్లొచ్చిన ఎలక్షన్ల ఓడిండు.
సోమవారం పొద్దున్నే అదే కోటు తొడుక్కొని
కోర్టు క్యాంటీన్ల ఉస్మానియా బిస్కెట్ చాయ్‌ల ముంచుకుంట,
"ఇయ్యాల పేషీలెన్ని?" అని అడిగిండు.

ఇగ బాలమణి.
అఫ్జల్‌గంజ్ ఫుట్‌పాత్ మీద జామపండ్ల బండి.
బండి మున్సిపాలిటీ లారీల పోయింది,
తక్కెడ మాత్రం కొంగుల సుట్టుకొని మా మెట్లెక్కింది.
నోటీసు నేనే చదివిన.
ఏడో సెక్షన్, మూడో క్లాజు.
చదువుడు ఆపిన.
ఆయన కిటికీ దిక్కు తిరిగి
చానసేపు అట్లనే ఉన్నడు.
"వకాల్తా రాయి" అన్నడు. ఫీజు మాటెత్తలే.

సర్కారు ప్లీడరు లేచి
సభ రికార్డు తెరిచిండు. పేజీకి చీటీ పెట్టుకొని మరీ వచ్చిండు.
"మైలార్డ్, ఈ చట్టానికి చెయ్యెత్తినోళ్ళల్ల
పిటిషనర్ వకీలు గారు గూడ ఒకరు."
హాలంత నవ్వింది.
వెనక బెంచీ మీద బాలమణి
ఎందుకు నవ్వుతున్నరో తెల్వక తనూ నవ్వింది.

విఠల్ సాబ్ కండ్లద్దాలు తీసిండు.
ఇంగ్లీషుల అన్నడు గని, నాకు తెలుగులనే వినబడ్డది:
"ఈ ముడి నేనే ఏసిన. సూడకుంట ఏసిన.
ఈమె కాళ్ళకు సుట్టుకున్నది.
ఇప్పుదామనే వచ్చిన."

నలభై నిమిషాలు మాట్లాడిండు.
ఎవ్వరూ గంట కొట్టలేదు.

గెలిచిండని రాయను. నాలుగు వారాల స్టే దొరికింది.
బండి వాపసొచ్చింది, ఒక చక్రం రాలేదు.
బెంచి మారింది, జడ్జి మారిండు,
కేసు ఇంక నడుస్తనే ఉన్నది.
వచ్చే పదిహేడుకు వాయిదా.

ఇయ్యాల గది ఖాళీ చేస్తున్నం.
లా బుక్కులు జూనియర్ తీసుకపోయిండు.
కోటు ఎవరికీ సరిపోదు, ఎడమ భుజం దిగి ఉంటది.
నోటుబుక్కులు "ఏం చేస్కుంటం అంకుల్" అన్నడు.

సభ మా సాబ్‌కు బాకీ
ఒక నిమిషం ఇరవై సెకన్లు.

తలుపు దగ్గరికేసి,
మేకుకున్న కోటు దిక్కు జూసి, "అధ్యక్షా" అన్న.
మొదటి బుక్కు, మొదటి పేజీ, చాదర్‌ఘాట్ గుడిసెలు.
కింద గల్లీల ఎవడో ఒకటే హారన్ కొడుతున్నడు.

నేను ఆపలేదు.