రెప్పలు

క్లయింటు పంపిన చీటీలో ఆరే మాటలు:
"మత్స్యకన్య పాతబడింది. కొత్తగా గీయండి. గడువు శుక్రవారం."

మధురవాడ కొండ మీద నాలుగో అంతస్తు.
మే నెలలోనూ స్వెట్టర్లేసుకుని కూర్చుంటాం.
కిటికీలో సముద్రం ఒక నీలం గీత.
రంగు సరిచూసుకోడానికి తప్ప
దానికేసి చూసే పని నాకు పడదు.

పాత బొమ్మ తెరిచాను.
సన్నటి నడుం, పాలరంగు మెడ, జడనిండా ముత్యాలు,
ఒక్క పొలుసూ ఊడలేదు.
ఏ నీళ్లలో ఈదిందో ఏమో, ఎక్కడా ఉప్పు ఆనవాలు లేదు.
చెరిపేశాను.
చెరపడం నా పనిలో చప్పుడు లేని పని.

మా నాన్నకి అలా కాదు.
ఫిషింగ్ హార్బర్లో బోట్లకి కళ్లు వేసేవాడు,
ముక్కుకి అటొకటి, ఇటొకటి.
గీత తప్పితే ఉప్పుకాగితం పట్టి
పొద్దుగూకేదాకా గరగరా రుద్దేవాడు.
పేరు రాసి, పట్టీలు లాగి, పువ్వులేసి,
అన్నీ అయ్యాకే కళ్లు.
"ముందే ఏసేత్తే అది నన్ను సూత్తాదిరా,
సెయ్యి వొణుకుద్ది" అనేవాడు.

నేను కళ్లతోనే మొదలెడతాను.
అమ్ముడుపోయేవి అవే.

మంగళవారం భీమిలి బస్సు దిగి జాలారిపేట వెళ్లాను.
కాసులమ్మత్త అప్పుడే బేసిన్ దించి
చుట్టకుదురు విప్పి దులుపుతోంది.
మోచేతుల దాకా పొలుసులు,
ఎండి, వీధిలైటు పడ్డచోటల్లా తళుక్కుమంటూ.
గుమ్మంలోనే కూర్చుని టాబ్లెట్ తీశాను.

ఆ చేతులు గీశాను ముందు.
బరువు మోసి మోసి నడినెత్తిన పలచబడ్డ జుట్టు.
కెరటానికి ఎదురుపడే వీపు.
తోక మాత్రం కోనాం చేపది,
ఊపడానికి కాదు, దూరం పోవడానికి.
మొప్పల్లో పోర్టు గాలి మోసుకొచ్చిన
ఎర్రటి ఇనుపదుమ్ము కొంచెం అద్దాను.

అత్త చెయ్యి కడుక్కోకుండానే వంగి చూసింది.
"ఏట్రా ఇది? మనిసా, సేపా?"
"రెండూనత్తా."
"నడుం పరవాలేదు. ఇందాకటి దానికైతే
తోక ఒక్కసారి ఇసిరితే ఇరిగిపోను."
కాసేపు మాట్లాడలేదు.
"మరి రెప్పలేటి దీనికి?
సేపకి రెప్పలుంటాయేట్రా?
నీల్లల్లో కన్ను మూత్తే
వొల ఎటునించొత్తాదో దానికెవుడు సెప్తాడు?"

ఇరవై రెండేళ్లు చేపలు తిన్నాను.
పళ్లెంలో అవి నాకేసి చూస్తూనే ఉన్నాయి.

రెప్పలు పద్దెనిమిదో పొరలో ఉన్నాయి.
ఆ పొర ఆర్పేశాను.
అత్త వేలు అద్దానికి తగిలి
బొమ్మ పెద్దదై, పెద్దదై,
తెరంతా ఒక్క కన్ను.
"ఓలమ్మో, నన్నే సూత్తంది!"
వెనక్కి జరిగింది. నేనూ జరిగాను.

శుక్రవారం జవాబు వచ్చింది:
వయసు తగ్గించాలి. చేతులు నున్నగా ఉండాలి.
కళ్లు ఎందుకలా ఉన్నాయి?

పోట్లాడానని చెప్పాలనుంది.
పోట్లాడలేదు.
పాతదాన్నే వెతికి తీసి, కళ్లకి ఆకుపచ్చ పూసి, ముత్యాలు తగ్గించి పంపాను.
అద్భుతం అన్నారు.
ఒకటో తారీఖున జీతం పడింది.
కొంత అత్తకిచ్చాను, ఎందుకో చెప్పలేదు.

ఇప్పుడు రెండు తలల పక్షి మీద ఉన్నాను.
వెనక ఆకాశంలో, ఎడమ తలకి కాస్త పైన,
నేను పెట్టని తెల్లచుక్క ఒకటి.
రబ్బరుతో చెరిపాను, పోలేదు.
పొరలన్నీ ఒక్కొక్కటే ఆర్పాను.
పక్షి పోయింది, మబ్బులు పోయాయి,
అది ఉంది.
పెద్దది చేసి చూశాను. ఆకాశం పెరిగింది,
చుక్క పెరగలేదు.

గోటికి గరుగ్గా తగిలింది.
కవ్వచేప పొలుసు.

పొరలన్నీ మళ్లీ వెలిగించాను.
ఆకాశం ఇంకా పూర్తి కాలేదు,
దాని చుట్టూరా గీస్తున్నాను.