రివెట్లు పట్టిన చెయ్యి

వేర్ నది ఒడ్డున, ఓడల యార్డు ఉన్న చోటే
ఇప్పుడు సూపర్ మార్కెట్.
కత్‌బర్ట్ హెపుల్ ట్రాలీ తోసుకుంటూ
"ఇదిగో, ఈ బిస్కెట్ల వరస దగ్గరే
ఓడ వెన్నెముక వేసేవాళ్ళం" అంటాడు
అవసరానికి మించి గట్టిగా.
సుత్తులు అతని చెవుల్ని ఎప్పుడో తినేశాయి.

పద్నాలుగేళ్ళప్పుడు ఒకటే పని:
కొలిమి దగ్గర్నుంచి విసిరిన ఎర్రటి రివెట్టును
గాల్లోనే డబ్బాతో పట్టడం.
జారిందా, కింద ఎవడి మెడ మీదో.

బొగ్గు ఓడలు, గోధుమ ఓడలు,
రంగూన్ బియ్యానికెళ్ళి తిరిగిరాని ఒకటి...
అన్ని పేర్లూ గుర్తే.
ఒక్కటీ ఎక్కలేదు.

నారింజల గుట్ట కదిలింది.
పండు దొర్లి పడబోతే
అతనికంటే ముందు అతని టోపీ లేచింది.

కౌంటరు పిల్ల చప్పట్లు కొట్టింది, వినపడలేదు.
టోపీలోకే చూస్తున్నాడు
ముట్టుకోవడానికి
కాసేపు ఆగి.