ఇరవై ఆరు

రాత్రి తొమ్మిదింటికి ఫోను మోగుతుంది.
"ఎంత?" అంటాడు రాదిమ్.
"ఇరవై ఆరు."
"సరే," అని పెట్టేస్తాడు.
కింది అంతస్తు కుర్రాడు, పదకొండేళ్ళు.
వాళ్ళమ్మకి చీమలంటే ఒళ్ళు జలదరింపు.
అందుకని రాణీ, ఆమె రెండొందల మంది కూతుళ్ళూ
నా వంటింటి కిటికీ పక్కన కాపురం.

ముప్ఫై ఒక్క ఏళ్ళు
ఓస్ట్రావాలో సగం ఊరికి నేనే వేడి పంపాను.
బాయిలర్ హౌసులో రాత్రి షిఫ్టు,
గంటకోసారి ముల్లు చూడడం, పుస్తకంలో రాయడం.
ఎవరి స్నానమో, ఎవరి పులిసే పిండో
నాకేం తెలుసు?
ఇప్పుడు అగ్గిపెట్టెల్లాంటి గదులు,
ఒక చివర వేడి తీగ, ఇంకో చివర తడి స్పాంజి.
మధ్యలో ఎక్కడుండాలో వాళ్ళిష్టం.

జనవరి. బయట మైనస్ పద్నాలుగు.
మంచు పట్టిన తీగ మీద ట్రాము నీలం రవ్వలు రాల్చుకుంటూ పోయింది.
మీటరు ఇరవై ఒకటి అంది.
కాస్త పెంచాను. ఇరవై ఒకటి.
ఇంకాస్త. ఇరవై.
చీమ చిటుక్కుమన్నా వినబడే వంటిల్లు,
రెండొందల చీమలు, ఒక్క చిటుక్కూ లేదు.
వంగి చూస్తే
ఒక్కొక్కతీ బియ్యపు నూకలాంటి పిల్లని నోట కరుచుకుని
స్పాంజి మూలకి పరుగు.
ఇంత చలిలో చలివైపే పోతాయేం, పిచ్చి ముండలు, అనుకున్నాను.
చాలాసేపే అనుకున్నాను, ఒప్పుకుంటున్నా.

అద్దం మీద అరచెయ్యి పెడితే చురుక్కుమంది.
సెన్సరు జారి
కిటికీ సందులో వేలాడుతోంది.
పాపం, అది అబద్ధమాడలేదు,
తనున్న చోటి సంగతే చెబుతోంది.

మా ఫోర్‌మన్ వోయ్‌మీర్
ముల్లు చూసే ముందు గ్లవుజు విప్పి గొట్టం తాకేవాడు.
వెనక నవ్వేవాళ్ళం.

తీగ పీకేశాను. సెన్సరుకి టేపు నాలుగు చుట్లు.
కుర్చీ లాక్కుని కూర్చున్నాను
రెండింటిదాకా,
మొదటి చీమ మొదటి పిల్లని వెనక్కి మోసుకొచ్చేదాకా.
చచ్చినవాటిని జేబురుమాలు మీద పరిచి లెక్కపెట్టాను.

మర్నాడు తొమ్మిదింటికి,
"ఎంత?"
అంకె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.
"ఏడుగురు పోయారు, రాదిమ్. తప్పు నాదే.
పిల్లలు మాత్రం మధ్య గదిలో ఉన్నారు."
అవతల ఊపిరి తప్ప ఏమీ లేదు.
తర్వాత,
"పై వరసా, కింది వరసా?"
"ఉండు, చూసి చెప్తా,"
అని లేచాను,
కళ్ళజోడు ఎక్కడ పెట్టానో ఏమిటో.