కస్టమరుకు మీరేమవుతారు

దస్తగిరమ్మా,
పదకొండు దినాలాయ, డబ్బాలో లైటు ఎర్రగానే ఉంది.
ఆర్పి వేసినా. వాళ్లు చెప్పినన్ని తూర్లు,
చెప్పనన్ని తూర్లు గూడా.

కనెక్షను నీ పేరు మీద ఉంది కదా.
ఇల్లు మా నాయన పేరు మీద,
కుట్టుమిషను ఫైనాన్సోళ్ల పేరు మీద.
"ఈ కడపలో ఏదో ఒకటి నా పేరున ఉండనీ" అని
ఫ్లయిటుకు ముందురోజు నువ్వే సంతకం పెడితివి.

ఏడురోడ్ల కాడ ఆఫీసు.
మెట్లెక్కితే ఏసీ, ఏసీ కింద ఒక పిల్లోడు.
"కస్టమర్ రావాల సార్."
కువైట్లో ఉంది నాయనా అంటే
"ఫోన్ చేసి రమ్మనండి" అన్యాడు,
నువ్వేదో చిన్నచౌకులో పూలు కొంటాన్నట్టు.

పోనీ నా పేరు మీదికి మార్చమంటి.
దానికి నీ నంబరుకు ఓటీపీ వస్తాదంట.
నీ నంబరు చచ్చి ఏడు నెల్లు.
దాన్ని లేపాలంటే నీ బొటనవేలు కావాలంట.
నా వేలు పెట్టి చూడమంటి.
ఇరవై రెండేండ్లు నీతో కాపరం చేసిన వేలు.
ఆ మిషను గూడా ఎర్రగానే ఎలిగె.

ఎదురింటి గంగరత్నమ్మ సెల్లులో
ఈ కత చెప్తే నవ్వితివి.
ఆడ బతాకా రెన్యువలుకు పోతే
మూడు తూర్లు ఒత్తిచ్చుకున్నారంట,
గీత పడల్యా అంట.
"క్లోరాక్సుకు అరిగిపోయినాయిలే" అని
ఇంగ పిల్లోని ఫీజు సంగతి అడిగితివి.

అంటే నువ్వు ఇమానమెక్కి వచ్చినా
పని కాదన్నమాట.
ఆ పిల్లోడికి ఇది చెప్పల్యా.

ఫారమొకటి ఇచ్చినాడు. అందులో ఒక గడి:
కస్టమరుకు మీరేమవుతారు.
పెన్ను పట్టుకోని శానాసేపు నిలబడితి.
నాలుగేండ్లుగా మనం మాట్లాడుకునేది
వినపడతాందా, ఆగిపోయినావు, ఆ ఇప్పుడు చెప్పు,
అంతే కదా.
వెనక లైను గొణుగుతాంటే
టైలరు అని రాసి వచ్చేస్తి.

నిన్న పొద్దుగూకినాక లైన్‌మన్ ఓబులేసు
ప్యాంటు జిప్పు పోయిందని అంగడికొచ్చె.
నేను జిప్పు ఏసేలోపల
లుంగీ మీదనే స్తంభం ఎక్కి దిగినాడు.
ఉడత కొరికింది మామా, అంతే.
నీ పేరు అడగల్యా. వేలు అడగల్యా.
జిప్పుకు నేను దుడ్లడగల్యా.

పచ్చలైటు ఎలుగుతాంది మే.
ఆఫీసు లెక్కలో మాత్రం మన కంప్లైంటు ఇంగా ఎర్రగానే ఉంటాది,
సరిపోయిందని ఎప్పుడో మెసేజి పంపుతారు,
నీ చచ్చిపోయిన నంబరుకు.

శుక్రారం రాత్రి పదకొండుకు చెయ్యి,
మీకు ఎనిమిదిన్నర, అంట్లు అయిపోయుంటాయి.
మొగం తర్వాత.
ముందు ఆ బొటనవేలు పెట్టు,
కెమెరాకు దగ్గరగా.
ఏం లేదులే,
చూస్తా.