లోపలి మడత

చొక్కా విప్పేముందు చేతులు కడుక్కుంటాను.
అలవాటు.
మా అత్త కోడిని కోసేముందు దాని నోట్లో నీళ్ళు పోసేది,
అలాంటిదే ఏదో.

నెల్లిమర్లలో, మొయిద జంక్షన్ దారిలో మా అరుగు.
"పాతవి విప్పి కుట్టబడును" అని
మా మరిది రాసిన అట్ట వేలాడుతుంటుంది.
మొన్నటి వానకి "పాతవి" కారిపోయింది.
ఇప్పుడు ఊరికే, విప్పి కుట్టబడును.

నేత చీరలు బొంతలవుతాయి.
జీన్సు ప్యాంటు కాలు నీళ్ళ సీసాకి తొడుగు.
ఊచలు విరిగిన గొడుగు, సైకిల్ సీటుకి టోపీ.
లంగా బొందులు మాత్రం ఎవరివైనా పారెయ్యను,
బొందుకి ముసలితనం లేదు.

తవిటమ్మ రెండు ఖాకీ చొక్కాలు తెచ్చింది.
"ఇయ్యి ఇప్పేసి రెండు సంచులు కుట్టీయమ్మా.
మిల్లు మూసేసి ఏడాదవతంది.
మడిసి మంచం మీద,
ఆడి సొక్కా దండెం మీద.
ఇద్దరు మొగోళ్ళకి ఒండినట్టుంది నాకు."
వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి,
"జేబు తియ్యకు, సిల్లర ఏసుకుంతాను."

సగం బ్లేడుతో పక్క కుట్టు విప్పాను.
కుట్టుకీ కుట్టుకీ మధ్యనుంచి
జనపనార పొట్టు ఒళ్ళో రాలింది.
ఎన్ని ఉతుకులు తప్పించుకుందో అది!
ఆరు తుమ్ములు తుమ్మాను, ఏడోది రాలేదు.

తర్వాత కింద అంచు.
మడత విప్పితే లోపల వేలెడు వెడల్పున
కొన్ననాటి ఖాకీ.
పైగుడ్డ ఎండలో వెలిసి
ఎండుగడ్డి రంగుకి వచ్చేసింది గానీ
ఇది మాత్రం అక్కడే,
చీకట్లో, పదకొండేళ్ళు,
ఎవరూ పిలవని చుట్టంలా కూర్చునుంది.

దాన్ని లోపలికి తిప్పబుద్ధి కాలేదు.
సంచీ మూతికి పైకి కనపడేలా వేశాను.
జేబు మందం దగ్గర పదహారో నంబరు సూది విరిగింది.
బీడీ కాలిన కన్నానికి రఫ్ఫు చేద్దామంటే
ఖాకీ దారం అయిపోయింది, నీలం వేశాను.

మర్నాడు పొద్దున్నే గవరయ్య వచ్చాడు, గడ్డం గీసుకుని.
"సోమారం తెరుస్తారట. బోర్డెట్టినారట.
నా సొక్కాలేవమ్మా?"

కుట్టుపని వాళ్ళకి ఒక అబద్ధం పుట్టుకతో వస్తుంది,
"సాయంత్రం ఇచ్చేస్తాను."
ఆ రోజు అదీ నోటికి రాలేదు.
రెండు సంచులూ తీసి మిషను మీద పెట్టాను.

చొక్కాని సంచీ చెయ్యగలను.
సంచీని చొక్కా చెయ్యడం నాకు రాదు.
ఎవరికీ రాదు.

ఆయన అరవలేదు.
జేబులో చెయ్యి పెట్టాడు, మణికట్టు దాకా.
నీలం దారాన్ని గోటితో గీకాడు.
"ఈ సివర కొత్తగుడ్డేసినావా?"
"నేదు బావా, నీ సొక్కాదే. లోపలుండిపోయింది."

కాసేపు నా మిషను చక్రంకేసి చూశాడు.
"దీనికి నూనెయ్యి," అన్నాడు.
మిల్లులో మగ్గాలకి నూనె వేసేవాడు కదా మరి.

సోమవారం కొడుకు కబడ్డీ బనియను తొడుక్కుని వెళ్ళాడు,
వీపు మీద పెద్ద అంకె తొమ్మిది.
భుజాన సంచీ, అందులో కేరేజీ.
ఎనిమిదింటికి కూత వినపడింది.
మిల్లుదే అన్నారు కొందరు,
కాదు, రాయగడ రైలు అన్నారు కొందరు.
నేను మిషను తొక్కుతున్నాను, సరిగా వినలేదు.

కుట్టుకూలి ఎనభై తవిటమ్మ ఇంకా బాకీ.

కాలర్లు రెండూ నా బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి.
వేడి గిన్నె దించే గుడ్డకి సరిపోతాయి, రెండు పొరలు.
ఇంకా విప్పలేదు.