వెనకాల ఉంది

రుస్తావిలో ఇంకా తెల్లారలేదు.
పద్నాలుగు మందిమి, కుట్టుమిషన్ల వాళ్లం,
ఒకరి బూట్లు ఒకరం తొక్కుకుంటూ వ్యానెక్కాం.
చలికాలమంతా చీటీ కట్టి కూడబెట్టిన డబ్బు,
జుతా లోయకి, చౌఖీ కొండ చూడ్డానికి.

చౌఖీ అంటే మాకు లమారా చెయ్యే.
భోజనాల వేళ అయిదు వేళ్లూ పైకి విప్పి
"ఇదిగో, ఇలా" అనేది.
చిన్నప్పుడెప్పుడో చూసిందట, తండ్రి భుజాల మీంచి.
చూపుడువేలి కొసని కత్తిరింపు మిషను తినేసింది.
అందుకని మా అందరి చౌఖీకీ
ఒక శిఖరం పొట్టి.

కనుమ దాటేసరికి పొగమంచు.
ముందు పోయే లారీల ఎర్రదీపాలు తప్ప లోకం లేదు.
గోచా అద్దాన్ని చొక్కా చేత్తో తుడిచాడు,
తుడిస్తే పోయే మంచా అది!
స్నో ఊరి దగ్గర రాతి తలలు,
మనిషెత్తువి, ఒక్కొక్కటే దగ్గరికొచ్చి
కిటికీల్లోంచి మమ్మల్ని లెక్కపెట్టుకుని వెళ్లాయి.

జుతాలో దిగాం.
ఏమీ లేదు.
అంటే, గడ్డి ఉంది, మోకాళ్ల దాకా.
కంచె తీగ ఉంది, తీగ కింద వరసగా నీటిచుక్కలు,
ఒకటి రాలితే ఇంకోటి ఊరేది.
ఒక చెవి వచ్చింది.
చాలాసేపటికి దాని ఆవు వచ్చింది.
కింద ఎక్కడో ఏరు,
గోడ అవతల నలభై మిషన్లు ఒక్కసారే కుడుతున్నట్టు.
"ఆదివారం కూడానా?" అంది నార్గిజా.

గోచా తెల్లటి గోడకి వేలు చూపించి
"అక్కడ" అన్నాడు.
కాసేపాగి, వేలు కాస్త ఎడమకి జరిపి
"కాదు, అక్కడ."

చల్లారిన ఖచాపురీ, లోపల జున్ను బిగుసుకుపోయింది,
తుంచుకు తిన్నాం. ద్రాక్షసారా సీసా ఒక చుట్టు తిరిగింది.
సియాలా మంచులోకి గ్లాసెత్తింది:
"నువ్వు రాకపోతే పోనీ, నీ వాటా మేం తాగేస్తాం."

లమారా కంచె దగ్గరే ఉండిపోయింది.
ఒక కన్ను మూసి, అయిదు వేళ్లూ విప్పిన చెయ్యెత్తి
ఆ తెలుపు మీద ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటోంది.
పెట్టింది.
చేతి మీద ఉన్ని చొక్కా తడిసి ముద్దయ్యేదాకా
దించలేదు. మేం పిలవలేదు.

తిరుగుదారంతా అందరూ నిద్ర.

ఇప్పుడా ఫోటో నా మిషను పైన ఉంది.
తడిసిన జుట్లు, పద్నాలుగు మందిమి,
ఒక మూల అడ్డొచ్చిన గోచా వేలు,
వెనక తెల్లకాగితం.
సూపర్వైజరు ఆగి, కళ్లజోడు పైకి జరిపి
"కొండేది?" అన్నాడు.

"వెనకాల ఉంది" అన్నాను, పెడలు ఆపకుండా.
"ఒక శిఖరం కాస్త పొట్టి."