ముప్పై మూడో గ్లాసు

సభలో ఎంతమంది ఉండారో
నాకు తెలిసినంత స్పీకరుకు తెలీదు.
గ్లాసులు లెక్కపెట్టేది నేను.

సులేమానీ చాయ, పుదీనా ఒక్క రెబ్బ.
చక్కెర వద్దనేవాళ్లు పదకొండు మంది,
రెండు చెంచాలు ఎక్కువడిగే ముసలాయన ఒకడు.
ఈ పొద్దు మాట్లాడాల్సింది ఆయనే.

మర్సూమ్ అంటే ఏందని వచ్చిన కొత్తలో అడిగితే
ఈజిప్టు గుమాస్తా సబ్రీ
కనుబొమ్మలు కప్పు వైపు ఎగరేసి
"పైనుంచి పడేది" అన్నాడు.
వాన అనుకుంటి.
చిట్వేలోడికి పైనుంచి పడేది ఇంకేముంటాది?

వాన కాదు. ఒక్క కాగితం.
సభకు సెలవులున్నప్పుడు, ఎండాకాలం నడిమధ్యన దిగింది.
బాడుగ గదుల్లో కరెంటు యూనిటు
నిన్నటిదాకా రెండు ఫిల్సులు,
రేపట్నుంచి పన్నెండు.
సభ మళ్లా కూడినాక కాదనే హక్కు వీళ్లకుందంట.
సగానికి పైన ఒక్కడు లేచి నిలబడినా
ఆ కాగితం పుట్టనట్టే లెక్కంట.
పుట్టినదాన్ని పుట్టనట్టు చేసే ఇల్లు
నేను ఈడనే చూస్తి.

ముసలాయన లేచినాడు.
నాకొచ్చిన అరబ్బీ సగమే,
వంటింటి అరబ్బీ, లిఫ్టు అరబ్బీ.
"కహరబా" అన్నప్పుడు చెవులు నిక్కినాయి. కరెంటు.
"ఫకీర్" అన్నాడు. అది మన మాటే.
"అజ్నబీ" అన్నాడు.
అది మన మీద పడే మాట.

నూనె బావి ఉందని
దీపంలో కడవలు కడవలు పోస్తామా అని మంత్రి,
బావి మనదీ, బిల్లు వాళ్లదా అని ముసలాయన.
సబ్రీ నా చెవిలో చేసిన తర్జుమా ఇది.
పూర్తిగా నమ్మలేను.
సబ్రీ ఉండేదీ బాడుగ గదిలోనే.

ఓటుకు ముప్పై మూడు మంది ఉండాల.
ట్రే చూసుకుంటి. ముప్పై రెండు.
సగం తాగి సిగరెట్టుకు పోయిన కుర్ర సభ్యుణ్ణి కలిపి,
కునుకు తీసే మంత్రిని కలిపి
మళ్లా లెక్కపెడితి.
ముప్పై రెండే.

ముప్పై మూడోది ప్యాంట్రీలో ఉండాది.
స్టీలుది, అంచు సొట్టపోయింది, నాది.
తెల్ల దిష్‌దాషా తొడిగి, తలకు గుత్రా చుట్టి
వెనక బెంచీలో కూసుంటే ఎట్లుంటాదా అనుకుంటి.
పెంచలయ్య, గౌరవ సభ్యుడు.
నియోజకవర్గం: హసావి, రెండో అంతస్తు,
ఎనిమిది మంది, ఒక మీటరు.

సుత్తి పడింది. పదిహేను దినాలు వాయిదా.
నా గ్లాసులో మిగిలిన చాయ పోసుకుంటి.
ముసలాయన చక్కెర అది.
గొంతు దిగలేదు.

బస్సు కిటికీలో ఊరంతా పట్టపగలు.
ఎవరూ నడవని వంతెనకు కూడా దీపాల దండ.
బస్సులో మటుకు బల్బు లేదు.

గదిలో ఇంకో మర్సూమ్.
బిర్యానీ డబ్బా అట్ట మీద ఖాజావలి రాసి అంటించినాడు:
పన్నెండుకు ఏసీ బంద్, నాలుగుకు చాలూ.
మొదట వచ్చినోడు ఆయన,
బిల్లు కట్టొచ్చేదీ ఆయనే.

"సభలో ఏమైందప్పా?"
"ఒక గ్లాసు తక్కువైంది."

ఓబులేసు చాప మీంచి లేచినాడు.
"మనమన్నా తేలుద్దాం" అని అట్టముక్క చూపించినాడు.
ఉంచాలని మూడు చేతులు,
పీకెయ్యాలని నాలుగు.
"సగానికి పైన ఒకటి కావాల" అన్నాడు ఖాజావలి,
చట్టం మొత్తం చదివినోని మాదిరి.

ఎనిమిదోవాడు రెడ్డెప్ప.
మూడింటికి ఖుబ్జు పొయ్యి కాడికి పోవాల.
నోరు తెరిచి నిద్రపోతాండాడు.
లేపమని ఒకడు, లేపితే పాపమని ఇంకొకడు.
పై మంచం మీంచి వాని చెయ్యి
కిందికి వేలాడతాండాది,
మోచేతి దాకా పాత కాలిన మచ్చలు.

ఎత్తిన చెయ్యి కాదది. దించిందీ కాదు.

ఖాజావలి స్విచ్చి మీద వేలు పెట్టి
ఆ చెయ్యినే చూస్తా నిలబడినాడు.
పన్నెండు దాటి ఏడు నిమిషాలు.
ఏసీ ఇంకా గురక పెడతానే ఉండాది.